సముద్రం ఒడ్డున పాతిన పుల్ల

మాఘమాసం, శనివారం సాయంత్రం. హాజరైనవాళ్లు: మా సైన్సు సారు, వంటకొచ్చిన ఆదెమ్మ, ఏడో తరగతి మగపిల్లలం, ఆడపిల్లల్లో ముత్తమ్మ ఒక్కతే.

నిన్న జూలూరుపాడు సంతలో ఎండుచేపల వాసన తగలగానే, చిన్నప్పటి డైరీలోని ఈ పేజీ గుర్తొచ్చింది.

భద్రాచలం అడవి అంచున, గోదావరి ఒడ్డున మా ఊరు. సముద్రం చూపించి పాఠం చెబుతానని సారు మమ్మల్ని తూర్పున శ్రీకాకుళం తీరానికి తీసుకెళ్లారు. బయలుదేరేటప్పుడు మా బడి పెద్దసారు ముత్తమ్మను చూపించి ఒకటే మాటన్నారు: "ఆ పిల్ల భయపడి మధ్యల తిరిగొస్తే, మళ్ల ఏ ఆడపిల్లనూ పంపేది లేదు." ముత్తమ్మ చెల్లెళ్లు కింది తరగతుల్లో ఉన్నారు.

ఊరూ పడవా కనబడని ఆ ఒడ్డున, నల్లబండల మీద పీతలు పరుగులు తీస్తుంటే, సరుగుడు తోపులో ఉప్పుగాలి ఈల వేస్తుంటే, పండక్కి మిగిలిన సకినాలు ఇసుకతో సహా కరకరా నములుతూ మేం గంతులేస్తున్నాం. ముత్తమ్మ మాత్రం నీళ్ల అంచున ఒక పుల్ల పాతి, దాన్నే చూస్తూ కూర్చుంది. వానాకాలంలో మా ఊరి పెద్దలు అలాగే చేసేవాళ్లు. నీళ్లు పుల్లను దాటితే మేకల్నీ గింజల్నీ మిట్టకు చేర్చేవాళ్లు. ముందటి ఏడు వరదలో ముత్తమ్మ వాళ్ల ఇల్లు పోయింది.

చీకటి పడకముందే పుల్ల మునిగింది.

"సార్, జల్దీ మూటలు కట్టుర్రి. సముద్రానికి వరదొచ్చింది," అంది ముత్తమ్మ.

"అది పోటు బిడ్డా. దానంతటదే పోతది."

"చెప్పంగనే పోతదా? గోదారి గూడ గిట్లనే వచ్చింది, దొంగ లెక్క. నన్ను బస్సెక్కించుర్రి."

"సముద్రానికి నీ ఇల్లే దొరికిందా ఏంది?" అని మాలో యేసోబు వెక్కిరించాడు గానీ, అందరికంటే ముందు వాడే తన చాప తోపు వెనక మిట్ట మీదికి మోసుకుపోయాడు.

పెద్దసారు మాట గుర్తొచ్చి సారు ముఖం వాడిపోయింది. ఆయన ఖమ్మం టౌను మనిషి, గోదావరి వరద ఎరగరు. ఆయన మాట నాకూ నమ్మబుద్ధి కాలేదు. చివరికి ఆదెమ్మే, "పొద్దుగాల పుల్ల జూద్దాం. నీళ్లు దిగకపోతే నేనే తోల్కపోతా" అంది. అందరం మిట్ట మీదే పడుకున్నాం, చెవులు నీళ్ల మీద పెట్టి.

ఇప్పుడు గోదావరి ఎంత పెరిగిందో ఫోను చెబుతోంది. మా ఒడ్డున పుల్ల పాతేవాళ్లు లేరు.

మర్నాడు తెల్లవారుతుండగా పరుగెత్తి చూశాం. పుల్ల ఇసుకలో ఒంటరిగా నిలబడి ఉంది. నీళ్లు ఎక్కడో కింద ఉన్నాయి.

"చూసినవా?" అన్నారు సారు.

ముత్తమ్మ పుల్ల పీకి, కిందికి నడిచి, నీళ్ల అంచున మళ్లీ పాతింది.

"ఒక్కపారి పోతే నమ్మాల్నా సార్? ఇంకోపారి రానియ్యుర్రి. అది పొయ్యేది చూసేదాంక నేను యాడికీ పోను."