అన్నకు దుకాణం, నాకు బాకీలు

హైదరాబాదు పాతబస్తీ శాలిబండలో బేరమాడటంలో నన్ను మించినవాడు లేడని ఇప్పటికీ రొమ్ము విరుచుకుని చెప్పుకోగలను. తోడబుట్టిన అన్నతో వాటాల బేరమాడి, దుకాణాన్నీ దాని అప్పులనూ ఆయన నెత్తిన పెట్టి, రావలసిన బాకీలన్నీ నా వాటాకు లాక్కుని, పైగా ఆయన చేతనే శభాష్ అనిపించుకున్న ఘనుణ్ణి నేను. ఈ ఘనకార్యం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొన్న, కామర్స్ చదువుతున్న మనవరాలు పుస్తకం తెరిచి, "తాతా, మనకు రావలసిన బాకీలు ఆస్తి ఎట్లయితయ్? ఆ పైసలు మన చేతిల లేవు కదా?" అని అడిగేసరికి, కొట్లో పుట్టి కొట్లో పెరిగినవాణ్ణి, పాత లెక్క మళ్లీ మొదటినుంచి తీయాల్సి వచ్చింది.

మాది దర్జీలకు కావలసిన సామాను అమ్మే కొట్టు. కోట్ల లోపల వేసే అస్తరు గుడ్డ, దారం రీళ్లు, గుండీలు. డెబ్బైల మొదట్లో ఆ చుట్టుపక్కల కుట్టుమిషను చప్పుడు వినబడని గల్లీ ఉండేది కాదు. పండుగకు ఎంతో ముందే కొలతలిచ్చి, దర్జీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఆఖరికి పండుగ పొద్దున గుండీలు లేని చొక్కా తొడుక్కున్న సంగతి నా వయసువాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. ఆ దర్జీలంతా జుమేరాత్ నాడు, అంటే గురువారం, మా కొట్టుకు వచ్చి పాత బాకీలో కొంత కట్టి, మళ్లీ వారానికి సరిపడా సరుకు అరువు మీద తీసుకుపోయేవారు. చేతిలో డబ్బున్నా బాకీ మొత్తం తీర్చేవారు కారు. ఒక్క రూపాయైనా ఉంచేయడం అక్కడి మర్యాద. పూర్తిగా కట్టేశాడంటే ఆ కొట్టుతో తెగతెంపులు చేసుకున్నట్టే. తెలియక ఎవరైనా మొత్తం కట్టబోతే మా బాపు, "ఏం భాయ్, నారాజైనవా?" అని అలక తీర్చినట్టు ఓ రూపాయి వెనక్కిచ్చేవాడు.

బాపు పోయాక గుమాస్తా లెక్క తీసి చదివాడు. సరుకు ఆరువేలది, టోకు వర్తకుడికి మేమివ్వాల్సింది రెండువేలు, దర్జీల నుంచి రావలసింది ఎనిమిదివేలు. ఆ ఎనిమిదివేలనూ ఆస్తుల్లోనే కలిపి చదివేసరికి, నాకవి కట్టలు కట్టి పెట్టెలో పెట్టినట్టే కనిపించాయి.

కావలసిన వస్తువు వైపు చూడకపోవడం బేరంలో మొదటి పాఠం. అందుకని దుకాణం నాకే కావాలని ఇల్లెగిరిపోయేట్టు లొల్లి పెట్టాను. బాపు కూర్చున్న గద్దె మీద ప్రాణాలు పెట్టుకున్న అన్నకు కళ్లనీళ్లు తిరిగాక, "సరే తియ్ అన్నా, దుకాణం నువ్వే ఉంచుకో. టోకాయన అప్పు దుకాణంతోటే పోతది. వసూళ్లకు గల్లీ గల్లీ నేను తిరుగుత" అన్నాను. అన్న నా రెండు చేతులూ పట్టుకుని, "నీ దిల్ పెద్దదిరా తమ్మీ" అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయమనుకున్నాడు పాపం, నేను నవ్వు దాచుకుంటున్నాను.

ఎనిమిదివేలూ చేతికొచ్చినట్టే లెక్కవేసుకుని, మా ఆవిడ గాజులు కుదువబెట్టి, బహదూర్‌పురాలో సొంత కొట్టు కోసం ఓ జాగా చూసి, దాని యజమానికి పగిడీ, అంటే అద్దెకు దిగేముందే ఇచ్చే తిరిగిరాని సొమ్ము, కట్టేశాను. "పైసలు వసూలైనంక కట్టరాదా?" అని ఆవిడ అడిగితే, ఆస్తి సంగతి నీకేం తెలుసు పొమ్మన్నాను.

మొదట పోయింది అందరికన్నా ఎక్కువ బాకీ ఉన్న ముసలి దర్జీ దగ్గరికి. చిన్నప్పుడు నాకు లాగులు కుట్టిన మనిషి, చాచా అనేవాణ్ణి. చాయ్ తెప్పించి, నా ఖాళీ చేతుల వైపు చూశాడు.

"మాల్ ఏది బేటా?"

"మాల్ అన్న దగ్గరున్నది చాచా. బాకీ నాది. పైసలియ్యి."

ముసలాయన నవ్వాడు. "మీ బాపు అస్తరిస్తుండె, అదే కుట్టి నేను పైసలిస్తుంటి. మాల్ లేకుంట పైసలేడికెల్లి తేవాలె? నా మిషను కింద ఖజానా ఉన్నదా?"

ఆ ఎనిమిదివేలు ఎవరి దగ్గరా మూటగా లేవని, సరుకు వెంట పోయి సరుకు కోసం తిరిగి వచ్చే డబ్బని, సరుకునూ బాకీనీ నేనే చెరో దిక్కుకు విడగొట్టి రెంటినీ చంపానని అప్పుడే అర్థమైంది. కానీ గాజులు కుదువలో ఉన్నాయే! బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన గిరాకీల ఎదుట పరువు తీస్తే కక్కుతారనుకుని, గడప గడపకూ పోయి కేకలు వేశాను. కొందరు ఎంతో కొంత నా మొహాన కొట్టారు. చాచా తన రెండు మిషన్లలో ఒకటి అమ్మి, చివరి రూపాయితో సహా లెక్కపెట్టి నా చేతిలో పోశాడు. "ఖాతా బంద్, సేఠ్" అన్నాడు. అప్పటిదాకా బేటా అన్న మనిషి. నేను మాత్రం నోట్లు రెండోసారి లెక్కబెట్టుకుంటూ వచ్చేశాను.

ఆ తరువాత దర్జీలు మా గల్లీ ముఖం చూడలేదు. ఓ జుమేరాత్ సాయంత్రం అటుగా పోతే, అన్న గద్దె మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చుట్టూ అస్తరు తాన్లు ఎక్కడివక్కడే. "ఎవ్వరు వస్తలేరేందిరా తమ్మీ? నేనెవర్నన్న ఏమన్న అన్ననా?" అని అడిగాడు. ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. చెప్పలేదు. టోకు వర్తకుడు తన అప్పు కింద సరుకంతా మూడో వంతు ధర కట్టి ఎత్తుకుపోయాక, అన్న ఇంకొకరి బట్టల కొట్లో గజంబద్ద పట్టుకుని జీతానికి కుదిరాడు.

ఇప్పుడు ఏ కొట్లోనైనా ఫోను చూపిస్తే చాలు, గల్లా దగ్గరి డబ్బా డబ్బు ముట్టిందని అరుస్తుంది. ఎవరికీ ఎవరూ బాకీ లేరు, మంచిదే. అయినా నేను ఒక్క క్షణం అక్కడే నిలబడిపోతాను, నారాజైనవా అని ఎవరైనా అడుగుతారేమోనని. కొట్టతను తలెత్తడు.

మనవరాలికి జవాబు చెప్పాలి కనుక ఆఖరి లెక్క కట్టాను. ఎనిమిదివేలలో వచ్చింది పదిహేను వందలు, అందులో సగం చాచా మిషను ఖరీదు. పోయినవాటిలో తెరవని కొట్టుకు కట్టిన పగిడీ ఉంది, మళ్లీ విడిపించలేకపోయిన గాజులున్నాయి, బాపు గద్దె ఉంది. అన్న బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాడికీ మా తమ్మునిది పెద్ద దిల్ అని చెప్పుకున్నాడు. ఆ మాటను అప్పుల వైపు రాశాను. కడదామంటే తీసుకోవడానికి అన్న లేడు.