పుక్కిట పట్టిన నీళ్లు

మా నాన్న దండాసి పొద్దున్నే లేచి ఈతకొలను మెట్ల మీద కూర్చుని, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, కాసేపు పుక్కిట పట్టి, పక్కనున్న కాలువలోకి ఉమ్మేసేవాడు. తర్వాత "రెండు డబ్బాలు" అనో, "ఇయ్యాల ఒకటిన్నర సాల్లే" అనో తనలో తను చెప్పుకునేవాడు. డబ్బా అంటే ఖాళీ పాలడబ్బా. దానితో కొలిచేది బ్లీచింగ్ పౌడరు. దాన్ని బకెట్టు నీళ్లలో కలిపి, మడ్డి అడుక్కి దిగాక, పైన తేటను కొలను అంచుల వెంట పోసి, మళ్లీ ఒకసారి రుచి చూసి ఉమ్మేసేవాడు. నీళ్లను పరీక్షించే మందుసీసాలు పూర్వం విదేశాల నుంచి వచ్చేవట. బర్మా దేశం తలుపులు మూసుకుని కూర్చున్నాక అవి రావడం మానేశాయి. అప్పట్నుంచి మా నాన్న నాలుకే ఆ సీసా.

ఆ కొలను ఉన్న ఆఫీసర్ల క్లబ్బులోనే మేం కాపురం ఉండేవాళ్లం. పంపుగది వెనక రెండు గదులు మావి. నాన్న, అమ్మ చిన్నమ్మి, నేను, నాకంటే ఏడేళ్లు చిన్నది దేవి. ఎండాకాలంలో ఆఫీసర్లు, వాళ్ల పెళ్లాంపిల్లలు వచ్చి పొద్దస్తమానం ఈదేవారు. మేం అప్పుడు గది తలుపు వేసుకుని కూర్చోవాలి. వానలు మొదలవగానే వాళ్లు మాయమయ్యేవారు. మిగిలేది మేమూ, కప్పలూ, చెట్ల ఆకులూ. చలికాలంలో నీళ్లన్నీ తోడేసి గోడలు రుద్దేవాళ్లం, నేను కూడా రుద్దేదాన్ని. కొలను పక్కన కాపురం అంటే ఎంత సరదాయో అనుకునేవాళ్లు మా బడిలో పిల్లలు. పాతికేళ్లు దాని పక్కనే ఉండి మా అమ్మ అందులో కాలు పెట్టలేదు. పెట్టనిచ్చినవాడు లేడు.

ఇచ్ఛాపురం దగ్గర్నుంచి రంగం, అదే రంగూను, వచ్చి, రేవులో బియ్యపు బస్తాలు మోసినవాడు మా తాత పోలయ్య. నాన్న ఆ ఊళ్లోనే పజుండౌంగ్‌లో పుట్టాడు. అరవై నాలుగులో సైనిక సర్కారు తరిమితే మనవాళ్లు ఓడలెక్కి ఇండియాకి వెళ్లిపోతుంటే నాన్నకి ఇరవై ఏళ్లు. అప్పటికే ఈ కొలనులో పనికి కుదిరాడు. నువ్వు పోతే ఒక్క వానాకాలంలో కొలను పాడైపోతుందని ఆనాటి క్లబ్బు సెక్రటరీ అన్నాడట. ఆ మాట పట్టుకుని ఓడ ఎక్కలేదు. ఎవరో పెద్దమనుషులు ఈదడానికని మా నాన్న తన అన్నదమ్ముల్ని వదులుకున్నాడు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎనభై ఎనిమిది ఆగస్టులో సైనిక సర్కారు దిగిపోవాలని ఊరంతా రోడ్డు మీదకి వచ్చింది. కాల్పులు జరిగాయి. ఆఫీసులు మూతపడ్డాయి. క్లబ్బు సెక్రటరీ ఒక పొద్దున వచ్చి తాళాలగుత్తి నాన్న చేతిలో పెట్టి, "నీళ్లు జాగ్రత్త" అని చెప్పి జీపెక్కి వెళ్లిపోయాడు. మనుషుల్ని జాగ్రత్త అనలేదు. ఆ వారంలోనే పేటలో కొళాయిలు ఆగిపోయాయి. పేటవాళ్లు వీధి మొదట్లో వెదురు అడ్డుకట్ట కట్టి, ఒక సంఘం పెట్టుకుని, వంతులవారీగా కాపలా కాసేవారు. ఆ సంఘానికి పెద్ద బడిపంతులు ఊ సేన్ విన్. చేతికి ఎర్రగుడ్డ కట్టుకుని వచ్చి నాన్నని మర్యాదగానే అడిగాడు, కొలను నీళ్లు జనానికి ఇవ్వగలవా అని. నాన్న గేటు తీశాడు. ఇరవై ఏళ్లపైన పేటవాళ్లెవర్నీ రానివ్వని గేటు అది. అమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఆ సెక్రటరీ బాబు ఒచ్చి అడిగితే ఏటి సెప్తావు?" అంది.

"నీల్లు జాగర్త అన్నాడు. పోసీయొద్దు అన్నాడా?"

నవ్వడానికి బాగానే ఉంది. కానీ ఆ గేటు తీసిన నాటినుంచి మా ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. ఎందుకంటే అదే రోజుల్లో ఊళ్లో ఒక పుకారు పుట్టింది. సర్కారు మనుషులు నీళ్లలో విషం కలుపుతున్నారని. ఎక్కడో నీళ్ల ట్యాంకు దగ్గర ఇద్దర్ని పట్టుకుని జనం నరికేశారని. ఎవరు చూశారో తెలియదు, అందరూ చెప్పేవారు. సంచిలో తెల్లపొడి దొరికితే చాలు, అది ఉప్పో పిండో అని అడిగేవాడు లేడు. మా పంపుగదిలో తెల్లపొడి ఒక పీపా నిండా ఉంది.

పొడి వెయ్యకపోతే ఏమవుతుందో నాన్నకి తెలుసు. వానాకాలం, పైగా వందమంది బకెట్లు. రెండు రోజుల్లో నీళ్లు పచ్చబడతాయి. పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడూ విషం అనే అంటారు. వేస్తే చూసినవాడు విషం అంటాడు. ఎటు చూసినా చావు మా గుమ్మం ముందే ఉంది.

"ఆ పంతులితో సెప్పి, అందరి ముందూ ఎయ్యరాదా?" అంది అమ్మ.

"ముందు పొడి సూస్తారే. తరవాతే మాట ఇంటారు. ఆలోగా నా మెడ ఉంటాదా?"

నాన్న చేసిన తప్పు అదే. జనం రాకముందు, తెల్లారీ తెల్లారకుండా, ఎవరూ చూడకుండా పొడి కలిపి పోసేవాడు. మంచిపని దొంగతనంగా చెయ్యడం మా ఇంట్లోవాళ్లకి బాగా అలవాటు. తొమ్మిది రోజులు అలా గడిచాయి. నీళ్లు అద్దంలా ఉండేవి. పేటలో ఒక్క పిల్లకి కడుపు నొయ్యలేదు.

పదో రోజు పొద్దున గేటు అవతల పెద్ద గోల. నాన్న గెడ తీసేలోపే తోసుకుని వచ్చేశారు. యాభైమంది ఉంటారు. కత్తులు, సైకిలు పుల్లలకి పదునుపెట్టి చేసుకున్న బాణాలు. అందరికంటే ముందు డో ఖిన్ ఏ, గోడ అవతలింటి ముసలమ్మ. ఆవిడ మేడమీంచి చూసిందట. నాన్న వైపు వేలు చూపించి బర్మా భాషలో అరిచింది.

"బకెట్టుతో ఏదో పోశాడు! ఆ తర్వాత నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు! మంచి నీళ్లయితే ఉమ్మేస్తాడా? నాకు రోజూ కనబడుతూనే ఉంది, రోజూ ఉమ్మేస్తాడు!"

ఇరవై ఏళ్లకు పైగా నాన్నని పోషించిన నాలుక, సరిగ్గా అప్పుడే ఎండిపోయింది. "కలావాడు, సర్కారు ఉప్పు తింటున్నాడు" అని వెనకనుంచి ఎవరో అరిచారు. కలా అంటే మేమే, నల్లవాళ్లం, సముద్రం దాటి వచ్చినవాళ్లం. ఒకడు పంపుగదిలోంచి పీపా దొర్లించుకొచ్చాడు. మూత ఊడి తెల్లపొడి గచ్చు మీద పడింది. జనం ఒక్కసారి రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ నాలుగడుగులు ముందుకొచ్చారు.

ఊ సేన్ విన్ చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. ఆయన మొహంలో కూడా భయమే.

"ఇది నీళ్లు శుభ్రం చేసే మందు, ఆచార్యా" అన్నాడు నాన్న చివరికి. "కావాలంటే బకెట్టు నీళ్లు ఇప్పుడే తాగుతాను."

"వాడు విరుగుడు తాగి ఉంటాడు!" ఆ ముసలమ్మకి ఎక్కడలేని తెలివి ఆ రోజే పుట్టుకొచ్చింది. "వాడు కాదు, వాడి పిల్ల తాగాలి. ఆ చంకలో పిల్ల!"

అమ్మ చంకలో ఉన్నది దేవి. మూడేళ్లది. అమ్మ దాన్ని రెండు చేతులా అదుముకుంది. అప్పుడు మా నాన్న నా భుజం పట్టుకుని ముందుకి తోశాడు.

"చిన్నది వద్దు. ఇది తాగుతుంది."

నాకు పదేళ్లు. ఆ మాట విన్నప్పుడు నాకు ఆ కత్తుల మీద కంటే మా నాన్న మీద ఎక్కువ కోపం వచ్చింది. ఉన్నమాట చెబుతున్నాను.

ఎనామెలు గ్లాసు నా చేతికిచ్చారు. నాన్న చప్పున తెలుగులో అన్నాడు, "అమ్మీ, లోతు కాడికి ఎల్లి ముంచు." ఎందుకో నాకు అర్థమైంది. ఆ పూట తేట పోసింది మెట్ల వైపే. లోతువైపు ఇంకా పొయ్యలేదు. కానీ ఆ మాటకి జనం మళ్లీ భగ్గుమన్నారు.

"వాళ్ల భాషలో ఏం చెప్పాడు? బర్మాలో మాట్లాడు!"

"ఎక్కడ పోశాడో అక్కడే ముంచమను!" అంది డో ఖిన్ ఏ.

ఊ సేన్ విన్ నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. నీళ్లలోంచి లేచిన ఘాటు నా ముక్కుకి తగిలింది. పుట్టినప్పట్నుంచీ తెలిసిన వాసనే, కానీ అంత ఘాటుగా ఎప్పుడూ లేదు. గ్లాసు నిండా ముంచాను. వెనకనుంచి నాన్న గొంతు, ఈసారి బర్మాలో, "మింగు. ఉమ్మకు."

తాగాను. గొంతు నిలువునా మండింది. కళ్లలో నీళ్లు వస్తే, పడనిచ్చానంటే ఏడుస్తున్నానంటారని రెప్ప వెయ్యకుండా నిలబడ్డాను. ఊ సేన్ విన్ చేతిగడియారం చూసి, ఒక గంట ఆగుదాం అన్నాడు. నన్ను గచ్చు మధ్యలో కూర్చోబెట్టారు. అమ్మని దగ్గరికి రానివ్వలేదు. నాన్నని మోకాళ్ల మీద కూర్చోబెట్టి వెనక ఇద్దరు నిలబడ్డారు. ఒకడి కత్తి నాన్న లుంగీకి ఆనుకుని ఉంది.

ఆ గంట ఎలా గడిచిందో చెప్పమంటే చెప్పలేను. తాగిన నీళ్లు రెండుసార్లు గొంతుదాకా వచ్చాయి. రెండుసార్లూ పెదాలు బిగించి మింగేశాను. నేను కక్కితే మా నాన్న తల ఉండదు, ఆ ఒక్క సంగతి నాకు బాగా తెలుసు. కొలను గట్టు మీద ఒక కప్ప కూర్చుని ఉంది. అది దూకేదాకా కక్కను అనుకున్నాను. అది దూకింది. ఇంకో కప్ప వచ్చేదాకా అనుకున్నాను.

గంట అయింది. "చూశారుగా, పిల్ల బాగానే ఉంది" అన్నాడు ఊ సేన్ విన్. అని, ఎవరూ అడక్కుండానే నా చేతిలో గ్లాసు తీసుకుని, అదే మెట్ల దగ్గర ముంచుకుని తాగాడు. గుటక పడగానే ఆయన మొహం ఒక్క క్షణం మెలితిరిగింది. నేను చూశాను, నాన్నా చూశాడు. ఆ నీళ్లు ఎంత ఘాటుగా ఉన్నాయో ఆ మనిషికి తెలిసిపోయింది. ఒక్క మాట చాలు మా పని అయిపోవడానికి.

"నీళ్లు బాగున్నాయి" అన్నాడాయన. "మందు ఇంకాస్త కలవాలి. సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి, కాచుకుని తాగండి. రేపట్నుంచి మన సంఘంలో ఇద్దరి ముందు మందు వేస్తాడు."

జనం కదిలారు. గేటు మూసిన చప్పుడు వినగానే నేను పంపుగది వెనక్కి పరిగెత్తి కక్కేశాను. అమ్మ నా నుదురు పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నేను కక్కిన చోట బకెట్ల కొద్దీ నీళ్లు కొట్టి, పైన బూడిద జల్లింది, మేడమీద ముసలమ్మకి కనబడకూడదని. నాన్న మా ఇద్దరికీ అడ్డంగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నన్ను ముట్టుకోలేదు.

సెప్టెంబరు పద్దెనిమిదిన సైన్యం వచ్చి అడ్డుకట్టలు పీకేసింది. ఊ సేన్ విన్ ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు, అడగడానికి మాకు ధైర్యం లేదు. సెక్రటరీ తిరిగొచ్చి కొలను చూసి, నీళ్లు రెండడుగులు ఎందుకు తగ్గాయని అడిగాడు. ఆవిరైపోయాయి బాబూ అన్నాడు నాన్న. ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. సెక్రటరీ వాన వంకా నాన్న వంకా చూసి, అలాగే రాసుకున్నాడు.

తర్వాత పదిహేనేళ్లు అక్కడే బతికాం. ఆ క్లబ్బు పడగొట్టి మేడలు కట్టినప్పుడు, ఒక ఉత్తరం ముక్క చేతికిచ్చి మమ్మల్ని పంపేశారు. నాన్న ఊరి చివర తాకేటాలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. నాకూ, దేవికీ పెళ్లిళ్లయ్యాయి. కానీ నా మనసులో ఒక ముల్లు అలాగే ఉండిపోయింది. ఇద్దరు కూతుళ్లుంటే ఒకదాన్ని దాచుకుని ఒకదాన్ని తోశాడు కదా అని. చిన్నప్పుడు నాన్న దేవిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చూసి ఊరికే చిరాకు పడేదాన్ని. అది పాపం ఏమీ ఎరగదు.

ఆ గొడవైన ముప్పై ఏళ్లకి నాన్నకి కడుపులో పుండ్లు ముదిరాయి. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఏదో ఘాటైన మందు ఏళ్ల తరబడి కడుపులోకి పోయినట్టుంది, ఏం పని చేసేవాడు అని అడిగాడు డాక్టరు. నీళ్లు రుచి చూసి ఉమ్మేసే పని అన్నాను. ఇంటికొచ్చి అమ్మకి ఆ మాట చెబితే, అమ్మ బియ్యం ఏరడం ఆపింది.

"ఉమ్మీడం ఎక్కడిదే? ఆ గొడవైన మర్నాటి నుంచీ మీ నాన్న ఉమ్మలేదు. కొలను మూసీదాకా రోజూ దోసెడు మింగీవోడు. మానీయమని ఎంత మొత్తుకున్నానో."

నాన్న చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ముప్పై ఏళ్లు అడగని మాట అప్పుడు అడిగేశాను.

"నన్నెందుకు తోసినావు నాన్నా?"

చాప అంచు సవరించాడు. "అది కక్కీసీది అమ్మీ. మూడేల్ల గుంట, దానికేటి తెలుస్తాది. నువ్వు సెప్తే ఇంటావు. నలుగురం బతకాలంటే నువ్వే తాగాల."

"నేను కక్కనని నీకు తెలుసా?"

"తెల్దు" అన్నాడు. "ఆ పూట ఒక డబ్బా ఎక్కువ పడిపోనాది. అదొక్కటే తెలుసు."

నాకు ఏడుపొచ్చింది. కోపమో జాలో నాకే తెలియలేదు. "మరి అదయిపోయాక, రోజూ ఆ విషం నువ్వెందుకు మింగావు? రుచి చూసి ఉమ్మేస్తే సరిపోయేది కదా!"

నాన్న నా వంక చూశాడు. ఆ పొద్దున్న తర్వాత నా కళ్లలోకి అంత సూటిగా ఆయన చూడటం అదే మొదలు.

"నువ్వు మింగినావు కదమ్మీ" అన్నాడు. "నానెలాగ ఉమ్ముతాను?"