పైనుంచి వినిపించే లెక్క

మయూర్ విహార్‌లో ఆ ఫ్లాట్‌కి మేం మారింది రెండువేల మూడు ఫిబ్రవరిలో. చేరిన వారానికే నాకు దయ్యాల మీద నమ్మకం కుదిరింది. బట్టలుతికి, మిషన్ రెండో తొట్టిలో వేసి, నీళ్లు పిండడం అయ్యాక మూత తీసేదాన్ని. మోటారు హోరు తగ్గేది. అంతే, బాత్‌రూమ్ కిటికీ అవతల పైపుల సందులోంచి ఒక ఆడగొంతు తీరుబడిగా "ఒకటి... రెండు... మూడు..." అంటూ పది దాకా లెక్కపెట్టి ఊరుకునేది. ఢిల్లీ దయ్యానికి తెలుగెలా వచ్చిందా అని మొదటిరోజు నవ్వుకున్నాను. నాలుగో రోజుకి నవ్వు రాలేదు.

మా ఏడేళ్ల సాత్విక మాత్రం భయపడలేదు. "మమ్మీ, ఊపర్‌వాలీ ఆంటీ గిన్‌తీ బోల్ రహీ హై," అని, పైనున్న ఆంటీ లెక్కపెడుతోందని హిందీలో చెప్పి, తనూ గొంతు కలిపేది. రెండేళ్లుగా నేను మొత్తుకున్నా రాని తెలుగు అంకెలు ఆ గొంతు దగ్గర పదిరోజుల్లో నేర్చేసుకుంది. అది చూస్తే నాకు ఇంకా భయమేసేది.

పైఇంట్లో ఉండేది సదాశివరావు అంకుల్, సరోజ ఆంటీ. రాజమండ్రివాళ్లు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఆదివారమొస్తే చేతిసంచిలో పానాలు, స్క్రూడ్రైవర్లు వేసుకుని బ్లాకులో ఇంటింటికీ వెళ్లి వాషింగ్ మిషన్లు చూసేవారు. టీ ఇచ్చినా తాగరు. ఆంటీ పెద్దగా గడప దాటరు. ఎప్పుడైనా మెట్ల దగ్గర కనిపిస్తే కుడిచెయ్యి కొంగు లోపలే ఉండేది.

మార్చిలో ఒక ఆదివారం, పిలవకుండానే అంకుల్ మా తలుపు తట్టారు.

"మీ డ్రమ్ము పదయినా ఆగట్లేదమ్మా. పైకి వినిపిస్తోంది."

"మా డ్రమ్ము ఎప్పుడాగుతుందో మీరు పైనుంచి లెక్కపెట్టడమేంటి అంకుల్?" అనేశాను. నా నోటికి తాళం లేదని మా ఆయన ఎప్పుడూ అంటూనే ఉంటాడు.

ఆయన నొచ్చుకోలేదు. "లెక్కపెట్టేది నేను కాదమ్మా. మీ ఆంటీ," అని లోపలికొచ్చి ప్లగ్గు పీకారు.

మిషన్ని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి వెనకరేకు విప్పారు. మూత తీయగానే దానికి కట్టిన తీగ వదులై, కింద ఒక రబ్బరుదిమ్మ పోయి తిరిగే చక్రాన్ని పట్టుకోవాలట. అదే దాని బ్రేకు. తీగ మరీ బిగిసి ఆ దిమ్మని పట్టుకోనివ్వడం లేదేమోనని దాన్ని ఒక కన్నం మేర వదులు చేశారు. ప్లగ్గు పెట్టి తిప్పి, మూత తీశారు. పైనుంచి లెక్క మొదలైంది. పది అయిపోయినా డ్రమ్ము తిరుగుతూనే ఉంది. మళ్లీ ప్లగ్గు పీకి ఆ దిమ్మని ఊడదీసి నా చేతిలో పెట్టారు. పాతచెప్పు మడమలా అరిగి నున్నబడిపోయింది.

"మా ఇంట్లోనూ ఇదే అరిగింది, తొంభై ఎనిమిదిలో," అన్నారు సంచిలోంచి కొత్తది తీస్తూ. "అరగంట పని. ఆదివారం చూద్దాం అన్నాను. ఇరవై ఆదివారాలు పోయాయి. ఈలోగా ఫైలు మీద నోటు రాసినట్టు ఒక చీటీ రాసి మూతకి అంటించాను. 'మూత తీసిన పిమ్మట పది లెక్కించి, తదుపరి చేయి పెట్టవలెను' అని. కింద సంతకం, తేదీ కూడా పెట్టానమ్మా. తను రోజూ లెక్కపెట్టేది. ఒకరోజు లెక్క తప్పింది. మూడు వేళ్లు పోయాయి."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని బ్లాకంతా తిరుగుతున్నారన్నమాట," అన్నాను. అని నాలుక్కరుచుకున్నాను. సాత్విక చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను.

ఆయన తలెత్తలేదు. "ఇది పదకొండో మిషనమ్మా. డ్రమ్ము ఆగితే తనూ ఆపుతుందేమోనని చూస్తున్నా. ఒక్కసారి మధ్యలో ఆపితే చాలు, ఆ రాత్రి నిద్రపోతాను."

కొత్త దిమ్మ బిగించి తిప్పారు. మూత తీశారు. ఒకటి, రెండు, మూడు. డ్రమ్ము టక్కున ఆగింది. ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని కిటికీవైపు చూస్తూ నిలబడ్డారు.

"నాలుగు... ఐదు..." అంది పైన గొంతు. అలాగే పది దాకా వెళ్లింది. ఆయన వెనకరేకు బిగించడం మొదలుపెట్టారు.

నాకు కోపమొచ్చింది. ఆయన్నీ సాత్వికనీ అక్కడే వదిలేసి పైకెళ్లాను. ఆంటీ ఎడమచేత్తో బఠాణీలు ఒలుస్తున్నారు.

"ఆంటీ, మూడుకే ఆగిపోయింది. అంకుల్ అక్కడ నిలబడి వింటున్నారు. మీరు ఆపేయొచ్చుగా?"

"ఆగిందని తెలుసమ్మా. నా చెవులు బానే ఉన్నాయి." ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేశారు. "లెక్క తప్పానని చెప్పారా నీక్కూడా?"

తలూపాను.

"ఆరోజు ఆయనకి ఆఫీసుకెళ్లే చార్టర్డ్ బస్సు టైమైపోతోంది. చొక్కా ఇంకా మిషన్లో తిరుగుతోంది. నేను మూత తీసి ఏడు దాకా వచ్చాను. 'ఎంతసేపు సరోజా ఆ లెక్క, చొక్కా ఇయ్యి' అని గదిలోంచి కేకేశారు. ఇద్దామనే చెయ్యి పెట్టాను." ఆ గొంతులో కోపం లేదు. "డాక్టరుకీ, మా అమ్మకీ, ఆఫీసువాళ్లకీ అందరికీ లెక్క తప్పిందనే చెప్పారు. ఆ కేక తనే వేశానని నా దగ్గర కూడా ఒప్పుకోలేదు. ఐదేళ్ల నుంచి రోజూ పది దాకా లెక్కపెట్టి వినిపిస్తున్నా. లెక్క తప్పే మనిషినా నేను?"

తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాను. మెట్ల మలుపులో అంకుల్ సంచి పట్టుకుని నిలబడి ఉన్నారు. బెల్లు మీద చెయ్యి పెట్టలేదు. అంతా విన్నారని మొహమే చెప్పింది.

"ఆ కేక వేసింది మీరే కదా అంకుల్," అన్నాను మెల్లిగా. "లోపలికెళ్లి ఆ ఒక్క మాట చెప్పేయండి. ఆంటీ ఎదురుచూస్తున్నది దానికోసమే."

ఆయన తలుపువైపు చూశారు. లోపల గిన్నెలో గింజలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"చెప్తానమ్మా," అన్నారు. "ఆదివారం చెప్తాను."

ఆరోజు ఆదివారమే.