పెనుకొండ మీద స్పేస్ రాక్

నేను ధర్మవరంలో ఒక చర్చిలో కీబోర్డు వాయిస్తాను. నా స్నేహితుడిది హిందూపురం. ఫ్యాక్టరీలో పని, చేతిలో ఎప్పుడూ గిటారు. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, అరవైల చివర్లో లండన్‌లో పుట్టిన స్పేస్ రాక్ సంగీతం. ఆదివారం ఆరాధన అయ్యాక నేను రైల్లో, అతను బైకు మీద పెనుకొండకు చేరేవాళ్ళం. కొండెక్కి, పాత కోటగోడ నీడలో స్పీకరు పెట్టుకొని వినేవాళ్ళం.

"ఆ కాలపు హిప్పీలు ఎల్‌ఎస్‌డీ వేసుకొని క్లబ్బుల్లో కూర్చునేవాళ్ళంటబ్బా," అని అతనే చెప్పాడు. "గోడల మీద రంగునూనెల వెలుగు పారతా ఉంటే, బ్యాండోళ్ళు అర్ధగంట మాటల్లేకుండా వాయించేవాళ్ళంట. అదే కాలంలో రాకెట్లు చంద్రుడి మీదికి పోతాండె. ఆ మత్తూ ఈ రాకెట్లూ కలిసే ఈ పాటలు పుట్టినాయి."

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం నా రైలు ఆలస్యమైంది. నేను కొండెక్కేసరికి పాట మోగుతోంది. అతని కళ్ళు చూసి ఆగిపోయాను. నల్లగుడ్లు కన్నంతా పరుచుకున్నాయి.

"ఏం తిన్న్యావు?"

"ఉమ్మెత్త గింజలు. వాళ్ళకు ఎల్‌ఎస్‌డీ ఉండె. మనకు ఈడ ఇదే కదా ఉండేది."

కాసేపటికి నావైపు తిరిగి, "ఎవరప్పా నువ్వు?" అన్నాడు. లేచి, ఎవరో పిలిచినట్టు, కిందంతా లోయగా ఉన్న కోటగోడ అంచుకు నడిచాడు. నడుము పట్టుకొని వెనక్కి లాగాను. నాకంటే బలంగా ఉన్నాడు. చేతులు జారుతున్నాయి.

మేకలు మేపే ఒక అవ్వ పరుగెత్తుకొచ్చింది. "వదలొద్దు నాయనా," అంటూ మేకల తాడుతో అతని మణికట్టును నా మణికట్టుకు కట్టింది. అవ్వా నేనూ కలిసి అతన్ని మెట్టు మెట్టుగా దించాం. అతను అటు గుంజితే నేనూ పోతానని ప్రతి మలుపులోనూ భయమే. పైన స్పీకరు మోగుతూనే ఉంది. ఎంతో ఇష్టమైన ఆ పాట ఎప్పుడు ఆగుతుందా అనిపించింది.

ఆస్పత్రిలో డాక్టరు, "ఇది మత్తు కాదు, విషం. కాసేపు ఆలస్యమయ్యుంటే దక్కేవాడు కాదు," అన్నాడు. మూడోనాడు నా స్నేహితుడు నన్ను గుర్తుపట్టాడు. కొండ సంగతి ఏదీ జ్ఞాపకం లేదన్నాడు.

వాళ్ళమ్మ వరండాలో నన్ను ఆపి, "నువ్వూ తింటివా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను. అది నిజమే. కానీ ఆరోజు రైలు సమయానికి వచ్చి ఉంటే, అతను ఆ గింజలు నా ముందుకు చాపితే, వద్దనేవాణ్ణా? ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. ఆ భయం ఇప్పటికీ పోలేదు.