రాగి వాషరు

మార్కాపురంలో ఇంజను జోరు పెంచే టర్బో బిగించాలంటే మెకానిక్ మాల్యాద్రి పేరే చెబుతారు. బిగించిన ప్రతి బోల్టుకూ పగిలిన పలకముక్క మీద ఒక గీత గీస్తాడు. గీతలన్నీ పడందే బండి తాళం ఇవ్వడు. రేసు ట్రాకు కోసం అతను టర్బో బిగించి ఇచ్చిన సురేష్ కారు, రెండో చుట్టులోనే ఇంజను పట్టేసి, లారీ మీద తిరిగొచ్చింది.

"నేనే మరీ తొక్కినా మామా. నీ చేతిపనికి మచ్చ తెచ్చినా," అని సురేష్ తల దించుకున్నాడు.

మాల్యాద్రి కారు కిందికి దూరి ఆయిల్ పైపు విప్పాడు. ఆ పైపు అతుకులో ఆయిల్ కారకుండా వేసే కొత్త రాగి వాషరు ఒంగోలు నుంచి వచ్చేదాకా ఆగలేక, టర్బో బిగించిన రోజు పాతదాన్నే రుద్ది వేసి గీత గీశాడు. అదే చిట్లి ఆయిలంతా కారిపోయింది. ఆ వాషరును గుప్పిట్లో దాచుకున్నాడు.

"ఏమన్నా తెలిసిందా మామా?"

"ఇంజన్లంటే ఇట్లనే సురేషూ."

"ఈసారి మెల్లగా తోల్తా, ఒట్టు!"

చేయడానికి పనేమీ లేకపోయినా, మాల్యాద్రి చాలాసేపు కారు కిందనుంచి బయటికి రాలేదు.