నమూనాలో పెళ్లికూతురు

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేవకముందు నుంచీ లింగమూర్తి కుటుంబం అక్కడే ఉంది. మీ తాత జొన్నచేను ఎక్కడుండేదని ఎవరైనా అడిగితే, ఒక ఆఫీసు పార్కింగు వైపు చెయ్యి చూపించి ఊరుకుంటాడు. ఆయనకు మిగిలింది పాత ఊరి సందులో ఒక మల్గి, చిన్న దుకాణం. దాని మీద ‘డీటీపీ, జిరాక్స్, శుభలేఖలు’ అని బోర్డు. పొద్దున పూట హాస్టళ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు కిరాయి అగ్రిమెంట్లు ప్రింటు తీయించుకోవడానికి వస్తారు. సాయంత్రాలు ఇళ్లవాళ్లు వస్తారు, పెళ్లో గృహప్రవేశమో పుట్టువెంట్రుకలో కుదిరిందని.

శుభలేఖ విషయంలో లింగమూర్తికి ఒక పద్ధతి ఉండేది. టైపు చేయడం అయ్యాక ఇంటి పెద్దను కుర్చీలో కూర్చోబెట్టి, ‘శ్రీరస్తు’ దగ్గర మొదలుపెట్టి ఆఖరి బంధువు పేరు దాకా గట్టిగా చదివి వినిపించేవాడు. అది వినకుండా ఎంత తొందరపెట్టినా బాలానగర్‌లోని ప్రెస్సుకు పంపేవాడు కాదు. “కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతది” అనేవాడు.

ప్రతి కార్డూ కంప్యూటర్లో దాచుకున్న ఒక నమూనా కార్డులోంచే పుట్టేది. ఆ నమూనా తయారుచేసిన రోజు పెద్దకూతురు జయంతి పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. అప్పటికి ఇంటర్ చదువుతోంది.

“నాయినా, పెండ్లిపిల్ల కాడ ఉత్తగ ‘పేరు’ అని పెట్టినవేంది? నా పేరు పెట్టు.”

“మరి పిలగాని పేరు?”

“చుక్కలు పెట్టు. టైమొచ్చినప్పుడు నేనే చెప్త.”

“చెప్తవా, చేస్కొనే వస్తవా?”

“నువ్వు లేటు చేస్తే చేస్కొనే వస్త.”

నవ్వుకుంటూ అట్లాగే పెట్టాడు. చి.ల.సౌ. జయంతి. కింద చి. అని రాసి, వరసగా చుక్కలు.

డిగ్రీ రెండో ఏడు వానాకాలంలో జయంతికి డెంగీ వచ్చింది. మామూలు జ్వరమనే దవాఖానకు తీసుకుపోయారు. మళ్లీ ఇంటికి తీసుకురాలేదు.

కర్మలన్నీ అయ్యాక లింగమూర్తి మల్గి తెరిచాడు. మొదట వచ్చిన పని పెళ్లి కార్డే. నమూనా తెరిచేసరికి కూతురు పెళ్లికూతురై ఎదురుగా ఉంది. ఆమె పేరు మనసులో ఒకసారి చదువుకున్నాడు. ఆ తర్వాత ఆ పేరు మీద వచ్చినవాళ్ల అమ్మాయి పేరు కొట్టి, ప్రెస్సుకు పంపే కాపీని వేరే ఫైలుగా తీసుకుని, నమూనాను మూసేశాడు. ‘మార్పులు సేవ్ చేయమంటావా?’ అని కంప్యూటర్ అడిగింది. వద్దన్నాడు.

అప్పటినుంచీ అదే ఆయన నిత్యకృత్యమైంది. ఏ కార్డు వచ్చినా ముందు నమూనా తెరిచి కూతురి పేరు మనసులో ఒకసారి చదువుకునేవాడు. ఆపైనే పని మొదలు. వద్దన్నందువల్ల మరుసటిసారి తెరిచినప్పుడు ఆమె మళ్లీ అక్కడే ఉండేది. పెళ్లి సీజన్లో ఊపిరాడని పని మధ్య కూడా ఆ ఒక్క క్షణం ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

చిన్నకూతురు పింకీ ఇది చూసింది. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పని తనది. మనుషులు రోజూ చేసే పనిని వాళ్లు లేకుండా కంప్యూటరే చేసుకుపోయేలా ప్రోగ్రాములు రాస్తుంది. సెలవురోజు మల్గికి అన్నం తెచ్చినప్పుడల్లా తండ్రి వేళ్లు అక్క పేరు దగ్గర ఆగడం గమనించేది. ఆయన రోజూ ఆ పుండును గోకుతున్నాడనుకుంది. అది తప్ప ఆయనకు మందు లేదని ఆమెకు తోచలేదు.

పాత కంప్యూటర్ కూడా ముసలిదైపోయింది. స్విచ్ వేసి చాయ్ తాగి వచ్చినా పూర్తిగా లేచేది కాదు. ఫ్యాను పిండిగిర్నీలా మోగేది. పింకీ ఒక ఆదివారం కొత్తది తెచ్చి బిగించింది. స్క్రీన్ వెనక అతుక్కుని ఉండే అరచేతంత పెట్టె. చప్పుడు లేదు. కుర్చీలో సరిగా కూర్చునేలోపే తయారుగా ఉంటుంది.

“ఇగ నువ్వు టైపు కొట్టుడు బంద్ నాయినా,” అంది.

“మరి నేనేం కొట్టాలె, ఈగలా?”

“చాయ్ తాగు, పేపర్ చదువు. పని అదే చేస్కుంటది.”

కౌంటర్ మీద అతికించిన గళ్లబొమ్మను వచ్చినవాళ్లు ఫోనుతో స్కాన్ చేసి, తమ వివరాలు తామే నింపుకోవాలి. కొత్త నమూనాలో బ్రాకెట్ల మధ్య ‘వధువు పేరు’, ‘వరుని పేరు’ అని ఉంటాయి. ప్రోగ్రాం వాటిని వెతికి పట్టుకుని అక్కడ అసలు పేర్లు పెడుతుంది. కార్డు ఫోటో ఇంటివాళ్లకు పోతుంది. వాళ్లు సరేనని నొక్కితే నేరుగా ప్రెస్సుకు పోతుంది, అచ్చయిన కార్డులు అక్కడినుంచే వాళ్లింటికి చేరతాయి. చదివి వినిపించే పని లేదు.

పాత ఫైళ్లన్నీ పింకీ కొత్తదాంట్లోకి మార్చింది, అక్క పేరున్న ఆ నమూనా ఒక్కటి తప్ప. పాత పెట్టెను తుడిచేసి పాతసామాను వాళ్లకు ఇచ్చేసింది. తండ్రి మొహం చూడకుండా అంది: “రోజూ అది చూసుడెందుకు నాయినా?”

లింగమూర్తి కొత్త స్క్రీన్ వైపే చూస్తున్నాడు. “మంచిగ చేసినవ్ బిడ్డా,” అన్నాడు.

పని నిజంగానే మంచిగా సాగింది. ఆయన కుర్చీలో కూర్చునే ఉండగా ఎవరెవరి పెళ్లిళ్లో ఆయన చేతికి తగలకుండా వెళ్లిపోయేవి. ఒకరోజు మధ్యాహ్నం మల్గిలో ఎవరూ లేరు. లింగమూర్తి కొత్త నమూనా తెరిచాడు. బ్రాకెట్లతో సహా ‘వధువు పేరు’ చెరిపేసి, అక్కడ జయంతి అని కొట్టాడు. కింద చుక్కలు పెట్టబోతుంటే ఎవరో జిరాక్స్ అని వచ్చారు. సిగ్గుపడ్డవాడిలా గబుక్కున మూసేశాడు. సేవ్ చేయమంటావా అని కంప్యూటర్ అడగలేదు. కొత్తది అడగదేమో, తాను చెప్పలేదు కనుక చేసి ఉండదులే అనుకున్నాడు. కొత్తది ఎవరూ చెప్పకుండానే ఎప్పటికప్పుడు దాచుకుంటుందని ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రమే ఆంజనేయులు తన కూతురు నవ్య పెళ్లి వివరాలు నింపాడు. ఆ వారంలో వచ్చిన పెళ్లి కార్డు అదొక్కటే. ఆయనది కడప వైపు. బాచుపల్లిలో ప్లాట్లు అమ్ముతాడు. అంతకుముందు ఆయనింటి గృహప్రవేశం కార్డు చేసింది లింగమూర్తే. ప్రోగ్రాం బ్రాకెట్లలో ‘వధువు పేరు’ కోసం వెతికింది, దొరకలేదు. దొరకలేదని ఎవరికైనా చెప్పాలని దానికి ఎవరూ నేర్పలేదు. మిగిలిన పేర్లన్నీ వాటి వాటి చోట్ల పెట్టి ఫోటో పంపింది. ఎవరికో ప్లాటు చూపిస్తున్న ఆంజనేయులు ఎండలో స్క్రీన్ సరిగా కనిపించక, సరేనని నొక్కాడు.

శనివారం ఆయన తన తల్లి ఓబులమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. డ్రైవరు కార్డుల డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టి పోయాడు. పింకీ కూడా మల్గిలోనే ఉంది.

“ఏమప్పా లింగమూర్తీ, ఎవురీ జయంతి?”

లింగమూర్తికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆంజనేయులు ఒక కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. నాలుగు మూలలా పసుపు ఉంది. మధ్యలో బంగారు అక్షరాలు: చి.ల.సౌ. జయంతి. కింద: చి. మధుసూదన్.

ఇన్నేళ్లుగా చుక్కలున్న చోట ఒక పేరుంది. ఆయన ఆ రెండు పేర్లనూ కలిపి చదివాడు. తప్పు జరిగిందన్న భయం కంటే ముందు, ఒక్క రెప్పపాటు, ఆయన మొహం వెలిగింది. పింకీ అది చూసింది.

“పసుపు పెట్టి దేవుని ముందర పెట్టినామప్పా,” ఆంజనేయులు గొంతు పెంచాడు. “అయ్యవారు సదివితే అందరూ నోర్లు తెరిసిరి. పెండ్లికొడుకు చిన్నాయన ఆడనే ఉండాడు. మీకు ఇంగో పాప ఉందా, యాడ దాచినారు అని ఎకసెక్కాలు! మా పాప ఏడ్సుకుంటా లోపలికి పాయె.”

“సార్, మీకు ఫోటో వచ్చింది గదా, మీరే సరే అని...” పింకీ అందుకుంది.

“నువ్వు ఊకో,” అన్నాడు లింగమూర్తి. “తప్పు నాది సార్. మల్ల కొట్టిస్త. పైస ఒద్దు.”

“దుడ్ల మాట కాదు నాయనా.” ఓబులమ్మ కుర్చీలో కూర్చుంది. మాట మెత్తగానే ఉంది. “ఆ పిల్ల ఎవురో చెప్పు. కన్నెపిల్ల అయితే ఏం బాధ లేదు, ఆమె పేరున రెండు అక్షింతలేసి దండం పెట్టుకుంటాం. పోయినోళ్ల పేరయితే మాత్రం దేవుని ముందర పెట్టినందుకు లగ్గం మార్చుకోవల్ల. పెండ్లికొడుకు వాళ్లు ముందే ఒక రకం మనుషులు. మారిస్తే ఇంగ మా పాపను చేసుకోరు. నిజం చెప్పు. ఎవురా పిల్ల?”

లింగమూర్తి కార్డును కౌంటర్ మీద బోర్లా పెట్టాడు.

“ఎవరు కాదమ్మా,” అన్నాడు. “నమూనాకు ఉత్తగ పెట్టిన పేరు. అసొంటి పిల్ల లేదు.”

పింకీ గోడవైపు తిరిగింది.

“లేదు కదా?”

“లేదమ్మా.”

ఓబులమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది. ఆయన కొత్త కార్డు తన చేత్తోనే టైపు చేశాడు. ఎదురుగా ఆమెను కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చదివి వినిపించాడు. చి.ల.సౌ. నవ్య అన్నచోట ఆమె మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు.

లేచి వెళ్తూ ఆమె డబ్బా వైపు చూపించింది. “పెండ్లి కార్డులు నాయనా. సించొద్దు, కాల్సొద్దు. నీళ్లల్లో నానెయ్యి.”

వాళ్ల కారు సందు మలుపు తిరిగింది.

“అసొంటి పిల్ల లేదంటివి నాయినా,” అంది పింకీ.

“ఏమనాలె మరి? ఒక ఆడపిల్ల పెండ్లి ఆగుతది.”

“నేను ఆ ఫైలు తీసేయకుంటే ఇదంతా కాకపోతుండె.” ఆమె కళ్లు తుడుచుకుంది. “మల్ల చేసిస్త. అక్క పేరుతోనే. ప్రోగ్రాం దాని దిక్కు పోకుండ వేరే పెడ్త. నువ్వు రోజూ చూస్కో.”

లింగమూర్తి తల అడ్డంగా ఊపాడు. “ఒద్దు బిడ్డా. నోటితోని లేదన్న. ఇగ ఏ చేత్తోని రాయాలె?”

“ఒక్క కార్డన్న ఉంచుకుందాం.”

“ఎట్ల ఉంచుకుంటం? పక్కన పేరు ఇంకో పిల్ల మొగనిది.”

పింకీ కంప్యూటర్ ముందు కూర్చుని నమూనాలో బ్రాకెట్లు తిరిగి పెట్టడం మొదలుపెట్టింది. లింగమూర్తి డబ్బాను మల్గి వెనక నల్లా దగ్గరికి మోసుకుపోయి, బకెట్ నింపి, కార్డులు అందులో వేశాడు. అట్ట తొందరగా నానలేదు. చేతులు పెట్టి ఒత్తాడు. పసుపూ ఎరుపూ నీళ్లలోకి దిగాయి, వినాయకుడి బొమ్మలు చెదిరాయి. బంగారు అక్షరాలు మాత్రం సన్నటి పొరలై లేచి పైకి తేలసాగాయి. ఆయన వాటిని లోపలికి ఒత్తుతూ, అవి తేలితే మళ్లీ ఒత్తుతూ కూర్చున్నాడు.

లోపలినుంచి పింకీ పిలిచింది. “నాయినా, అయిపోయింది. ప్రోగ్రాం ఒకసారి నడిపిచ్చి చూస్త. పెండ్లిపిల్ల కాడ ఏం పేరు పెట్టాలె?”

వినిపించలేదేమోనని ఆమె గుమ్మం దాకా వచ్చింది. ఆయన మోచేతుల దాకా నీళ్లలో పెట్టుకుని, ఆమెకు వీపు చూపిస్తూ కూర్చుని ఉన్నాడు.

“ఏదన్న పెట్టు బిడ్డా,” అన్నాడు. “బతికున్నోళ్ల పేరు పెట్టు.”