సింకు పక్కన మూలకాలు

మా బాబాయికి మనుషులు కనబడరు, మూలకాలే కనబడతాయి. నేను చదివే కాలేజీలోనే కెమిస్ట్రీ మాస్టారు. ఎవరు ల్యాబ్ గడప తొక్కినా, మూలనున్న సింకు దాకా లాక్కెళ్ళి వాళ్ళ ఒంట్లో ఏమేం ఉన్నాయో అప్పజెప్పేవాడు.

"బరువెంత?"

"ఎనభై," అన్నాడు కొత్త ప్రిన్సిపాలు, పాపం, తెలియక.

"అందులో యాభై రెండు కిలోలు ఆక్సిజనే! పధ్నాలుగు పైచిలుకు కార్బన్, ఎనిమిది హైడ్రోజన్. మిగిలిన కాస్తలోనే నైట్రోజన్, కాల్షియం, ఫాస్ఫరస్, తమరి హోదా."

ఓసారి మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి పిన్ని వచ్చింది. ఆవిడనూ సింకు దగ్గరికి లాగాడు.

"నీ ఒంట్లో ఇనుమంతా పోగేస్తే ఒక మేకు అవుతుంది, తెలుసా?"

"గోడకి ఒక్క మేకు కొట్టమని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. ముందు అది చూడండి."

చెప్పిందే మూడుసార్లు, అదీ అరిచి చెప్పేవాడు. "నాకేమన్నా చెవుడా బాబాయ్?" అని నేను విసుక్కునేవాణ్ణి. సింకు దగ్గర పదేళ్ళుగా సీసాలు కడిగే మనిషి మాత్రం తల ఎత్తేది కాదు. అందరూ ఆమెను సీసాలక్క అనేవారు.

ఇంతలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం ఖాళీ అయింది. స్కూలు చదువు పూర్తిచేసిన సీసాలక్క దరఖాస్తు పెట్టింది. ఇది తప్పితే బతుకంతా సింకే. ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషులు ముసిముసిగా నవ్వుకున్నారు.

"మనిషి ఒంట్లో ఏముంటాయమ్మా?" అన్నాడు ప్రిన్సిపాలు.

"ఎనభై కిలోల మనిషైతే, యాభై రెండు ఆక్సిజనండీ..." అని మొదలుపెట్టి, ఎముకల్లో కాల్షియం, నెత్తుట్లో ఇనుము దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నవ్వులు ఆగిపోయాయి.

"మరి నా హోదా?" అన్నాడు ప్రిన్సిపాలు, పాత దెబ్బ గుర్తొచ్చి.

"దానికి తూకం లేదు సార్."

ఉద్యోగం ఆమెదే!

"అందరినీ సింకు దగ్గరికి లాగింది ఇందుకా?" అని బాబాయిని నిలదీశాను.

"ఆమెను క్లాసులో కూర్చోబెడతానంటే రూల్సు ఒప్పుకోలేదురా. సింకు పక్కన అరవకూడదని ఏ రూల్లోనూ లేదు."

"ఆమెకే నేరుగా చెప్పొచ్చుగా?"

"చెప్పబోతే 'నాకెందుకు మాస్టారూ' అని తప్పించుకునేది. పక్కవాణ్ణి దులుపుతుంటే మాత్రం ఎవరైనా చెవులు రిక్కించి వింటారు."

సోమవారం నేను ల్యాబ్‌కి వెళ్ళేసరికి, కొత్త మనిషి దొరికేదాకా సీసాలు కడిగే పని బాబాయి మీద పడింది. పక్కనే తెల్లకోటులో సీసాలక్క.

"అడుగున కార్బన్ ఉండిపోయింది మాస్టారూ, మళ్ళీ కడగండి. మళ్ళీ కడగండి మాస్టారూ! మళ్ళీ!"

"నాకేమన్నా చెవుడా?" అన్నాడు బాబాయి, మురిసిపోతూ.